చిన్న పుస్తకమే కష్టం: చైనా ప్రాచీన తత్వంలో మొదట ఏది చదవాలి?

చైనా ప్రాచీన తత్వం రుచి చూద్దామనుకున్న చాలామంది చెయ్యి ముందు దావోదెజింగ్ మీదికే వెళ్తుంది. 81 అధ్యాయాలు, మొత్తం కలిపి దాదాపు 5,000 చైనా అక్షరాలు. ఒక ఆదివారం మధ్యాహ్నం కునుకు మానేస్తే పుస్తకం అయిపోతుంది. కానీ అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పమంటే నోరు పెగలదు. "ఏదో గొప్పగా ఉంది, అర్థం కాలేదు" అని పుస్తకం అలమరలోకి పోతుంది, దానితోపాటు చైనా తత్వం మీద ఆసక్తీ పోతుంది.

తప్పు పుస్తకానిది కాదు, వరుసది. ఈ గ్రంథాలు ఒకదానితో ఒకటి వాదించుకుంటూ పుట్టాయి. క్రీ.పూ. 5 నుంచి 3వ శతాబ్దం దాకా, జౌ రాజ్యం పట్టు సడలి, సామంత రాజ్యాలు ఒకదాన్నొకటి మింగుతున్న కాలం అది. క్రీ.పూ. 221లో చిన్ రాజు అందరినీ ఓడించి దేశాన్ని ఒకటి చేసేదాకా ఆ గొడవ ఆగలేదు. మంచి పాలన ఎలా, మనిషి స్వభావం ఏమిటి, చెడ్డకాలంలో ఎలా బతకాలి అన్నవే అందరి ప్రశ్నలు. వాదన మధ్యలో దూరితే ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో తెలియదు. దావోదెజింగ్‌తో మొదలుపెట్టడమంటే అదే.

ఎంచుకునే ముందు చూడాల్సినవి

పుస్తకం మందం చూడొద్దు, అది మోసం చేస్తుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది రూపం. కథలా ఉందా, సంభాషణా, వ్యాసమా, సూత్రమా? బ్రహ్మసూత్రాలు భాష్యం లేకుండా చేతికిస్తే ఎంత తెలుస్తుందో సూత్రరూపంలో ఉన్న చైనా గ్రంథాలూ అంతే తెలుస్తాయి.

రెండోది, దాన్నుంచే వచ్చేది: వ్యాఖ్యానం ఎంత అవసరం? కొన్నిటికి పేజీ అడుగున నాలుగు నోట్సులు చాలు. కొన్నిటికి మూలం కన్నా వ్యాఖ్యానమే ఎక్కువ కావాలి.

మూడోది అనువాదాల మధ్య తేడా. రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే విషయం చెబుతున్నట్టుంటే ఏదో ఒకటి కొనుక్కోవచ్చు. వేర్వేరు పుస్తకాల్లా ఉంటే ఒకదాన్నే నమ్ముకోవడం ప్రమాదం. మనలో ఎక్కువమందికి దారి ఇంగ్లీషు అనువాదం మీదుగానే గనుక దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

చివరిది, మీరు తీసుకొచ్చే ప్రశ్న. నీతి గురించా, రాజ్యం గురించా, మనశ్శాంతి గురించా, లేక మంచి కథలు కావాలా?

| గ్రంథం | రూపం | పరిమాణం | వ్యాఖ్యానం అవసరం | అనువాదాల తేడా | ఎవరికి |
|---|---|---|---|---|---|
| లున్‌యు (అనలెక్ట్స్) | చిన్న చిన్న సంభాషణలు | 20 భాగాలు, సుమారు 500 ముక్కలు | చాలా ఎక్కువ | మధ్యస్థం | రోజుకు పది నిమిషాలే ఉన్నవారికి |
| మెంగ్జీ (మెన్షియస్) | వాదోపవాదాలు | 7 భాగాలు, ఒక్కోటి రెండు సగాలు | తక్కువ | తక్కువ | వాదన మొదట్నుంచి చివరిదాకా వినాలనుకునేవారికి |
| దావోదెజింగ్ | పద్యసూత్రాలు | 81 అధ్యాయాలు | చాలా ఎక్కువ | విపరీతం | రెండు అనువాదాలు పక్కన పెట్టుకునే ఓపికున్నవారికి |
| జువాంగ్జీ | కథలు, వెటకారం, వాదన | 33 అధ్యాయాలు | అధ్యాయాన్ని బట్టి | మధ్యస్థం | కథల మనుషులకు |
| షున్‌జీ | వ్యాసాలు | 32 అధ్యాయాలు | తక్కువ | తక్కువ | తర్కం ఇష్టపడేవారికి |
| హాన్ ఫెయ్‌జీ | వ్యాసాలు, రాజకీయ కథలు | 55 అధ్యాయాలు | తక్కువ | తక్కువ | అధికారం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలనుకునేవారికి |

మెంగ్జీ: మా ఓటు దీనికే

పేరు తక్కువమందికి తెలుసు, అయినా మొదటి పుస్తకంగా దీన్ని మించింది లేదు. కన్ఫ్యూషియస్ (క్రీ.పూ. 551–479) పోయిన తరవాత నూరేళ్ళకు పైగా గడిచాక పుట్టిన మెంగ్జీ రాజుల దగ్గరికి వెళ్ళి, వాళ్ళు అడిగినదానికి ఎదురు ప్రశ్న వేసి ఇరుకున పెడతాడు. పుస్తకం తెరవగానే లియాంగ్ రాజు హుయ్, "వెయ్యి లీల దూరం అనుకోకుండా వచ్చావు, నా రాజ్యానికి ఏదో లాభం చేకూరుస్తావు కదా" అంటాడు (లీ అంటే చైనా దూరపు కొలత). "లాభం మాటెందుకు రాజా?" అన్నదే జవాబు. రాజు తన రాజ్యానికి లాభం చూసుకుంటే మంత్రి తన ఇంటికి, సామాన్యుడు తన ఒంటికి చూసుకుంటాడు, చివరికి ఒకరినొకరు పీక్కుతింటారు అంటాడు. ఇది చదవడానికి టీక అక్కర్లేదు.

రెండు ముక్కలు దాటి మూడోదానికి వస్తే అదే రాజు మళ్ళీ అడుగుతాడు: కరువొస్తే జనాన్ని పక్క ప్రాంతానికి తరలిస్తున్నాను, ధాన్యం పంపిస్తున్నాను, పక్క రాజులెవరూ ఇంత చెయ్యట్లేదు, అయినా నా జనాభా ఎందుకు పెరగదు? మెంగ్జీ యుద్ధంలోంచి ఉపమానం తీస్తాడు. భేరి మోగింది, కత్తులు తగులుకున్నాయి, సైనికులు పారిపోయారు. ఒకడు వంద అడుగులు పరిగెత్తి ఆగాడు, ఇంకొకడు యాభై అడుగులు పరిగెత్తి ఆగి మొదటివాణ్ణి చూసి నవ్వాడు. "నవ్వొచ్చా?" రాజు తనే "వాడూ పారిపోయాడు కదా" అంటాడు. ఇక అతను తప్పించుకోలేడు. "యాభై అడుగులవాడు వంద అడుగులవాణ్ణి చూసి నవ్వడం" చైనాలో ఇవాళ్టికీ సామెతే.

అసలు బలం ఆరో భాగం మొదటి సగంలో ఉంది. మనిషి స్వభావం మంచిదా కాదా అని గావోజీ అనే మరో ఆలోచనాపరుడితో వాదన. నీళ్ళకు తూర్పు పడమరల తేడా లేదు, గట్టు ఎటు తెగితే అటు పోతాయి, మనిషి స్వభావమూ అంతే అంటాడు గావోజీ. తూర్పు పడమరల తేడా లేకపోవచ్చు, ఎత్తు పల్లాల తేడా కూడా లేదా అంటాడు మెంగ్జీ. ఇది చదివిన వెంటనే షున్‌జీ 23వ అధ్యాయం చదవండి. మనిషి స్వభావం చెడ్డది, మంచి అన్నది శ్రమపడి తెచ్చుకున్నదని అతను సూటిగా పేరుపెట్టి మెంగ్జీని ఖండిస్తాడు: వంకర కర్రను ఆవిరి పట్టి, బిగించి ఉంచితేనే తిన్నగా అవుతుంది, మొద్దుబారిన ఇనుము సానరాయి మీద పెడితేనే పదునెక్కుతుంది. ఈ జంట ఒక్కటి చదివినా ఈ సంప్రదాయం ఎలా పనిచేస్తుందో చేతికందుతుంది. షున్‌జీ పుస్తకం మొత్తం మొదట్లో కొనక్కర్లేదు. 1వ అధ్యాయం (చదువు గురించి), 17 (ఆకాశం గురించి), 23 చాలు. వాన కోసం పూజ చేస్తే వాన పడిందే, ఎందుకు అని 17లో తనే ప్రశ్న వేసుకుని, ఎందుకూ కాదు, పూజ చెయ్యకపోయినా పడినట్టే పడింది అంటాడు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో ఈ మాట అన్నాడని గుర్తుపెట్టుకోండి.

మెంగ్జీలో లోపం లేకపోలేదు. రెండో భాగం మొదటి సగంలో రెండో ముక్క పొడుగ్గా, చిక్కుగా ఉంటుంది. ప్రాణశక్తి గురించిన ఆ చర్చలో చాలామంది ఇరుక్కుపోతారు. చివర్లో సాంగ్ దేశపు రైతు కథ ఒక్కటి పట్టుకోండి: మొలకలు పెరగట్లేదని ఒక్కొక్కటీ కాస్త పైకి లాగి, అలిసిపోయి ఇంటికొచ్చి "ఇవాళ మొలకలు పెరగడానికి సాయం చేశాను" అన్నాడట. కొడుకు పరిగెత్తి చూస్తే అన్నీ వాడిపోయాయి. మిగతాది రెండోసారి చదివేటప్పుడు చూసుకోవచ్చు.

అనువాదం: డి.సి. లావ్ (పెంగ్విన్, 1970) నమ్మదగినది, భాష సాఫీ. బ్రయాన్ వాన్ నార్డెన్‌ది (హాకెట్, 2008) ముక్కముక్కకూ వివరణతో వస్తుంది, అందులో 12వ శతాబ్దపు జు షీ వ్యాఖ్య కూడా కలిసి ఉంటుంది. ఒంటరిగా చదివేవారికి ఇది మేలు.

లున్‌యు: ఒక్కసారిగా మింగొద్దు

కన్ఫ్యూషియస్ స్వయంగా రాసింది కాదు, శిష్యులు, వాళ్ళ శిష్యులు పోగుచేసిన మాటలు. పక్కపక్కన ఉన్న రెండు ముక్కలకు సంబంధం ఉండాలనేం లేదు. ఎవరితో, ఎందుకు అన్నాడో చాలాచోట్ల ఉండదు. ఇక్కడే బండి ఆగుతుంది: నవల చదివినట్టు వరసగా చదివితే మూడో రోజుకు పెద్దల సుభాషితాల పుస్తకంలా కనిపించి విసుగొస్తుంది.

దాన్ని తప్పించే చిట్కా, ఒకే మనిషిని పట్టుకుని చదవడం. దుడుకు శిష్యుడు జిలూ ఎక్కడొచ్చినా గుర్తుపెట్టుకోండి, గురువుగారు తిడుతూనే ఎంత ఇష్టపడతాడో తెలుస్తుంది. లేదా 4వ భాగంతో (26 ముక్కలు) మొదలుపెట్టి 5, 6, 7, తరవాత 11, 12, 13. పదో భాగం మొదట్లో దాటేయండి. అందులో ఆయన ఎలా కూర్చునేవాడు, ఏ బట్ట కట్టేవాడు, సరిగ్గా కొయ్యని మాంసం తినేవాడు కాడు, చాప తిన్నగా లేకపోతే కూర్చునేవాడు కాడు లాంటివి ఉంటాయి. సందర్భం తెలిశాక ఇదే భలే ఆసక్తిగా ఉంటుంది. గుర్రపుశాల కాలిపోతే "మనుషులకేమైనా అయిందా?" అని అడిగి గుర్రాల మాట ఎత్తలేదన్న ముక్క కూడా ఆ భాగంలోనే ఉంది.

వ్యాఖ్యానం ఎందుకు కావాలో ఒక ఉదాహరణ చాలు. 13వ భాగం 18వ ముక్కలో షె ప్రాంతపు పాలకుడు గొప్పగా చెప్పుకుంటాడు: మా ఊళ్ళో ఒక నిజాయితీపరుడున్నాడు, తండ్రి గొర్రెను దొంగిలిస్తే సాక్ష్యం చెప్పాడు. కన్ఫ్యూషియస్ జవాబు: మా ఊళ్ళో నిజాయితీ వేరు. తండ్రి కొడుకును కాపాడతాడు, కొడుకు తండ్రిని కాపాడతాడు, నిజాయితీ అందులోనే ఉంది. అంతే, ముక్క అయిపోయింది. కుటుంబం చట్టం కన్నా ముందన్నమాటా? లంచాలకు ఇది సాకు కాదా? రెండువేల ఏళ్ళకు పైగా దీని మీద కొట్టుకుంటున్నారు. హాన్ ఫెయ్‌జీ ఇదే కథను తన 49వ అధ్యాయంలో ఎత్తుకుని తిరగేస్తాడు: రాజు పట్ల నిజాయితీగా ఉన్నవాణ్ణి తండ్రికి ద్రోహి అని అధికారి శిక్షించాడు, కాబట్టి రాజుకు మంచి పౌరుడు తండ్రికి చెడ్డ కొడుకు అంటాడు. లున్‌యు ఒక్కటే చదివితే ఈ రెండో గొంతు మీకు వినపడదు.

అనువాదాల్లో ఎడ్వర్డ్ స్లింగర్‌లాండ్‌ది (హాకెట్, 2003) మొదటివారికి సరైంది. ప్రతి ముక్క కిందా సంప్రదాయ వ్యాఖ్యాతలు ఏమన్నారో ఇస్తాడు. మన పద్ధతిలో చెప్పాలంటే మూలం, కింద టీక. లావ్ (పెంగ్విన్, 1979) శుభ్రంగా ఉంటుంది కానీ మిమ్మల్ని ఎక్కువగా మీకే వదిలేస్తుంది. సైమన్ లేస్ (1997) భాష అన్నిటికన్నా చురుగ్గా ఉంటుంది, సాహిత్యం చదివేవారికి నచ్చుతుంది.

దావోదెజింగ్: ఆరు మాటల దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది

మొదటి పాదం ఆరు అక్షరాలు: దావో కె దావో, ఫెయ్ ఛాంగ్ దావో. "దావో" అంటే దారి. అదే మాట క్రియగా "చెప్పడం" కూడా. "కె" అంటే వీలైన, తగిన. "ఫెయ్" అంటే కాదు. "ఛాంగ్" అంటే స్థిరమైన. ఏకవచనం, బహువచనం, కాలం ఏవీ లేవు. కాబట్టి "చెప్పగలిగిన దారి శాశ్వతమైన దారి కాదు" అనొచ్చు. "నడవదగిన దారులేవీ ఎప్పటికీ ఒకేలా ఉండే దారులు కావు" అనీ అనొచ్చు. మొదటిది మాటకందని పరమార్థం గురించి, రెండోది పాలన పద్ధతులు కాలంతో మారాల్సిందేనన్న లోకజ్ఞానం గురించి. ఒకటే పాదం, రెండు పుస్తకాలు.

మూలం కూడా ఒకటే రకంగా లేదు. 1973లో హునాన్ రాష్ట్రం మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168లో మూసిన సమాధిలో పట్టుబట్ట మీద రాసిన రెండు ప్రతులు దొరికాయి. వాటిలో మనం చదివే రెండో సగం ముందొస్తుంది. "ఛాంగ్" ఉండాల్సిన చోట "హెంగ్" ఉంటుంది. హాన్ చక్రవర్తి పేరు లియు హెంగ్ కావడంతో ఆ అక్షరం రాయకూడదని తరవాతివాళ్ళు "ఛాంగ్" అని మార్చేశారు. 1993లో గువోదియన్‌లో ఇంకా పాతవి, క్రీ.పూ. 300 ప్రాంతపు వెదురు బద్దలు బయటపడ్డాయి. వాటిలో మొత్తం పుస్తకం లేదు, కొంతభాగమే ఉంది, వరస కూడా వేరు.

ఈ పుస్తకాన్ని మన భాషల్లోకి తేవడం ఎప్పుడూ గొడవే. క్రీ.శ. 647లో టాంగ్ చక్రవర్తి ఆజ్ఞ మీద దీన్ని సంస్కృతంలోకి మార్చే పని హుయాన్‌త్సాంగ్ మీద పడింది. మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్ళిన యాత్రికుడే. "దావో"ను "బోధి" అనమని దావో పండితులు, "మార్గ" అనే అనాలని ఆయన. ఆయన తన మాట మీదే నిలబడ్డాడు. మనవాళ్ళు ఇవాళ దావో అంటే బ్రహ్మం, వూవెయ్ అంటే నిష్కామకర్మ అని రాసిపారేస్తుంటే ఆ పట్టుదల గుర్తుకొస్తుంది. నిష్కామకర్మలో పని చెయ్యాలి, ఫలం మీద ఆశ ఉండకూడదు. వూవెయ్‌లో ఫలం మాట ప్రధానం కాదు, బలవంతం చెయ్యకపోవడం ప్రధానం. అందులోనూ ఎక్కువచోట్ల ఆ మాట రాజుకు చెబుతున్నది: పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్నచేప వండినట్టు అంటుంది 60వ అధ్యాయం. అస్తమానం తిప్పితే చేప చిదిరిపోతుంది.

ఎంపిక ఇలా చేయండి. ఒకటి లావ్ (పెంగ్విన్, 1963), రెండోది మావాంగ్‌దుయ్ ప్రతుల నుంచి చేసిన రాబర్ట్ హెన్రిక్స్ (1989). 1, 5, 11, 17, 60, 64, 80 అధ్యాయాలు రెండింటిలోనూ చదవండి. తేడా వచ్చినచోటే ఆగి ఆలోచించండి. అందమైన ఇంగ్లీషు కావాలంటే స్టీవెన్ మిచెల్ (1988), ఉర్సులా లె గ్విన్ (1997) ఉన్నాయి. ఇద్దరికీ చైనా భాష రాదు, ఆ విషయం ఇద్దరూ దాచలేదు. ఇతర అనువాదాలు ముందు పెట్టుకుని రాసినవి అవి. చదివి ఆనందించండి, కానీ "లావోజీ (ఈ పుస్తకం రాశాడని చెప్పే మనిషి) ఇలా అన్నాడు" అని వాటి నుంచి ఎక్కడా ఉటంకించొద్దు.

జువాంగ్జీ: నవ్వుతూ చదవాల్సింది

33 అధ్యాయాల్లో మొదటి 7 "లోపలి" అధ్యాయాలు, తరవాత 15 "బయటివి", చివరి 11 "ఇతరాలు". ఇప్పుడు మనకున్న కూర్పు క్రీ.శ. 312లో చనిపోయిన గువో షియాంగ్‌ది. జువాంగ్ జౌ అనే మనిషికి దగ్గరగా ఉన్నవి మొదటి ఏడూ అని పండితులు సాధారణంగా అనుకుంటారు. సీతాకోకచిలుక కల అందరికీ తెలిసిందే. అది రెండో అధ్యాయం చివర్లో ఉంది. చిక్కేమిటంటే ఆ రెండో అధ్యాయమే పుస్తకంలోకెల్లా కఠినం. సీతాకోకచిలుక కోసం అక్కడికి వెళ్ళినవాళ్ళు అవును, కాదు, ఇది, అది అన్న తర్కంలో మునిగి బయటికి రారు.

మూడో అధ్యాయంతో మొదలుపెట్టండి. రెండు మూడు పేజీలే. వంటవాడు దింగ్ రాజు ఎదుట ఎద్దును కోస్తాడు. మామూలు వంటవాడు నెలకొక కత్తి మారుస్తాడు, ఎందుకంటే ఎముక మీద కొడతాడు. మంచి వంటవాడు ఏడాదికొకటి మారుస్తాడు, ఎందుకంటే కోస్తాడు. "నా కత్తికి 19 ఏళ్ళు, వేల ఎద్దులను కోశాను, అంచు ఇప్పుడే సాన పట్టినట్టుంది" అంటాడు దింగ్. కీలుకీలుకీ మధ్య సందుంది, కత్తి అంచుకు మందం లేదు, మందం లేనిదాన్ని సందులోకి పంపితే కావలసినంత చోటు. చిక్కుముడి దగ్గరికొచ్చినప్పుడు మాత్రం అతను నెమ్మదిస్తాడు, చూపు నిలుపుతాడు, కత్తి కదిలీ కదలనట్టు కదుపుతాడు, మాంసం మట్టిపెళ్ళలా విడిపోతుంది. రాజు "బతుకును ఎలా పోషించుకోవాలో తెలిసింది" అంటాడు. వూవెయ్ మీద ఎన్ని వ్యాసాలు చదివినా ఈ ఒక్క పేజీ ఇచ్చినంత ఇవ్వవు. అందుకే దావోదెజింగ్ కన్నా ముందు ఇది.

తరవాత 1, 17, 18 అధ్యాయాలు. 17 చివర్లో చేపలు ఆనందంగా ఉన్నాయని నీకెలా తెలుసని స్నేహితుడు హుయ్‌జీ అడిగే వంతెన సంభాషణ, 18లో భార్య పోతే తొట్టి వాయిస్తూ పాడటం. 2వ అధ్యాయం వీటన్నిటి తరవాత, పెన్సిలు చేతబట్టుకుని.

బర్టన్ వాట్సన్ (కొలంబియా, 1968) ఈ పుస్తకపు నవ్వును ఇంగ్లీషులోకి తేగలిగాడు. 2013లో కొత్త వర్ణక్రమంతో మళ్ళీ వచ్చింది, కొంటే అదే కొనండి. ఎ.సి. గ్రాహమ్‌ది (1981) తత్వశాస్త్రం చదివినవారికి పదునైనది, కానీ అతను అధ్యాయాల వరస మార్చాడు, ముక్కలను ఒకచోట నుంచి ఇంకోచోటికి తెచ్చాడు. వేరే పుస్తకంలో ఇచ్చిన అధ్యాయం సంఖ్య పట్టుకుని అందులో వెతికితే దొరకదు.

హాన్ ఫెయ్‌జీ, సున్‌జీ: మేనేజర్లకు ఒక మాట

ఆఫీసు రాజకీయాల కోసం చైనా గ్రంథం కావాలనుకునేవారు సున్‌జీ యుద్ధకళ కొంటారు. 13 చిన్న అధ్యాయాల ఆ పుస్తకం నిజంగా యుద్ధం గురించే. రెండో అధ్యాయంలో లక్షమంది సైన్యాన్ని కదిలిస్తే రోజుకు వెయ్యి బంగారం ఖర్చని లెక్క చెబుతుంది, అందుకే యుద్ధం సాగదీయొద్దంటుంది. దాన్ని మార్కెటింగుకు సాగదీస్తే అన్నీ అరిగిపోయిన మాటలే మిగులుతాయి.

మనుషుల్ని పనిచేయించడం గురించైతే హాన్ ఫెయ్ చదవండి. షున్‌జీ శిష్యుడు, క్రీ.పూ. 233లో చిన్ చెరసాలలో విషంతో చనిపోయాడు. ఏడో అధ్యాయంలో హాన్ రాజు జావ్ తాగి పడుకుంటాడు. చలేస్తుందని టోపీలు చూసుకునే నౌకరు ఆయన మీద బట్ట కప్పుతాడు. లేచిన రాజు బట్టల నౌకరును శిక్షిస్తాడు, పని చెయ్యనందుకు. టోపీల నౌకరునూ శిక్షిస్తాడు, తనది కాని పని చేసినందుకు. చదవగానే ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతోందో ఆలోచించడానికే ఈ పుస్తకం. వాట్సన్ ఎంపిక చేసిన 12 అధ్యాయాల సంపుటి చాలు.

ఇ-జింగ్ గురించి అడిగేవారికి: 64 గుర్తుల ఆ జోస్యగ్రంథం మొదటి పుస్తకం కానే కాదు.

కొనేటప్పుడు, వెతికేటప్పుడు వచ్చే తిప్పలు

ఒకే పేరుకు ఇంగ్లీషులో రెండు స్పెల్లింగులు. పాత పద్ధతిలో "టి"తో మొదలైన దావో కొత్త పిన్యిన్‌లో "డి"తో మొదలవుతుంది. "సి-హెచ్"తో ఉన్న జువాంగ్జీ "జెడ్-హెచ్"కు మారుతుంది. "హెచ్-ఎస్"తో ఉన్న షున్‌జీ "ఎక్స్"కు మారుతుంది. దుకాణంలో ఒక స్పెల్లింగుతో దొరకలేదంటే రెండోదానితో వెతకండి. షున్‌జీ, సున్‌జీ వేరువేరు మనుషులు. ఒకరిది తత్వం, ఇంకొకరిది యుద్ధం.

లున్‌యు ముక్కల సంఖ్యలు అన్ని అనువాదాల్లో ఒకటి కావు. "నీకు వద్దనుకున్నది ఎదుటివారికి చెయ్యకు" అన్నది కొన్నిటిలో 15.23, కొన్నిటిలో 15.24. ఒకటి అటూ ఇటూ చూడండి.

ఉచితంగా కావాలంటే జేమ్స్ లెగ్. 19వ శతాబ్దపు మిషనరీ, తరవాత ఆక్స్‌ఫర్డ్‌లో చైనా భాషకు మొదటి ఆచార్యుడు. ఆయన అనువాదాలకు కాపీహక్కులు తీరిపోయాయి. చైనీస్ టెక్స్ట్ ప్రాజెక్ట్ వెబ్‌సైటులో చాలా గ్రంథాలు మూలం, పక్కనే లెగ్ ఇంగ్లీషుతో ఉంటాయి. అక్షరం అర్థం చూసుకునే నిఘంటువు కూడా అక్కడే. కాగితం మీద కావాలంటే "సేక్రెడ్ బుక్స్ ఆఫ్ ది ఈస్ట్" సంపుటాలను ఢిల్లీ మోతీలాల్ బనారసీదాస్ వారు పునర్ముద్రించారు, 39, 40 సంపుటాల్లో దావోదెజింగ్, జువాంగ్జీ ఉన్నాయి. వాటిలో లున్‌యు, మెంగ్జీ వెతకొద్దు, అవి లెగ్ వేరే వరసలో వేశాడు. ఆయన ఇంగ్లీషు బరువుగా ఉంటుంది, కానీ నోట్సులు ఇప్పటికీ పనికొస్తాయి.

ఒకే చైనా మాటకు అనువాదకులు వాడే ఇంగ్లీషు మాటలు వేరు. "రెన్" లావ్ దగ్గర బెనెవలెన్స్, స్లింగర్‌లాండ్ దగ్గర గుడ్‌నెస్, లేస్ దగ్గర హ్యుమానిటీ, ఏమ్స్-రోజ్‌మాంట్ దగ్గర అథారిటేటివ్ కాండక్ట్. ఇవి నాలుగు వేర్వేరు భావాలనుకుని తికమకపడటం మామూలే. పుస్తకం మొదటి పేజీలో ఒక చిన్న జాబితా రాసి పెట్టుకోండి: రెన్, యి, లి, దె (సద్గుణం), దావో. ఎదురుగా మీ అనువాదకుడు వాడిన మాట. తెలుగులో కూడా వాటిని దయ, ధర్మం, ఆచారం అని వెంటనే మార్చేయకుండా కొన్నాళ్ళు రెన్, లి అనే ఉంచితే మంచిది.

ఎవరికి ఏది

ఒక్క పుస్తకమే కొంటానంటే ఐవన్‌హో, వాన్ నార్డెన్ కూర్చిన "రీడింగ్స్ ఇన్ క్లాసికల్ చైనీస్ ఫిలాసఫీ" తీసుకోండి. పైన పట్టికలోని ఆరు గ్రంథాల నుంచీ, ఆ కాలపు మరో ఆలోచనాపరుడు మోజీ నుంచీ ఎంపికలున్నాయి. వాదన మొత్తం ఒకే అట్ట మధ్య ఉంటుంది. తక్కువల్లా, ఏ ఒక్క గ్రంథపు గాలీ పూర్తిగా తగలదు.

సివిల్స్ నాలుగో పేపరు నీతిశాస్త్రం కోసం చదివేవారికి మెంగ్జీ 6వ భాగం, షున్‌జీ 23, లున్‌యులో 12, 13 భాగాలు. ఉటంకింపులు మాత్రం మూలంలో సంఖ్యతో చూసుకున్నాకే రాయండి. కన్ఫ్యూషియస్ పేరుతో వాట్సాప్‌లో తిరిగే సగం మాటలు లున్‌యులో లేవు. "వెయ్యి మైళ్ళ ప్రయాణం ఒక్క అడుగుతో" అన్నది దావోదెజింగ్ 64వ అధ్యాయం, అక్కడ కూడా మైళ్ళు కాదు, లీలు.

చైనా భాష నేర్చుకుంటూ మూలం ముట్టుకోవాలనుకుంటే మళ్ళీ మెంగ్జీయే. వాక్యాలు తేటగా ఉంటాయి, ప్రాచీన వ్యాకరణం అలవాటవుతుంది. జువాంగ్జీ మూలం అప్పుడే వద్దు.

కథల కోసం వచ్చినవారు జువాంగ్జీ 3తో మొదలుపెట్టి వెనక్కి మెంగ్జీకి వెళ్ళినా నష్టం లేదు. మనసు బరువుగా ఉండి ఓదార్పు కోసం దావోదెజింగే కావాలనుకునేవారిని ఆపలేం. లె గ్విన్ తీసుకోండి, రోజుకొక అధ్యాయం, 81 రోజులు. అర్థం చేసుకోవడానికి లావ్, హెన్రిక్స్ తరవాత.

ఎటూ తేల్చుకోలేనివారికి నాలుగు వారాల వరస. మొదటి వారం మెంగ్జీ మొదటి భాగం మొదటి సగం (7 ముక్కలు), రెండో భాగంలో బావిలో పడబోయే పసిపిల్ల ముక్క, ఆరో భాగం మొదటి సగం (20 ముక్కలు). రెండో వారం షున్‌జీ 23, 17, ఆపైన లున్‌యు 4 నుంచి 7 దాకా. మూడో వారం జువాంగ్జీ 3, 1, 17, 18. నాలుగో వారం దావోదెజింగ్, రెండు అనువాదాలతో, రోజుకు పది పన్నెండు అధ్యాయాలు. మధ్యలో ఎక్కడ ఆగిపోయినా ఫరవాలేదు, కానీ మొదటి వారంలో మెంగ్జీ ఆరో భాగం దాకా మాత్రం వెళ్ళండి.